ఎనిమిది ముఖాల అద్దానికి ఒక్క బొట్టు

నా పేరు ఒకే ఒక్కసారి సర్కారు పుస్తకంలో గౌరవంగా ఎక్కబోయింది. రేషన్ కార్డును లెక్కలోకి తీసుకోకండి. అందులో నా వయసు మా నాన్న వయసు కంటే రెండేళ్ళు ఎక్కువ పడింది. నేను చెప్పేది పేటెంటు సంగతి. అది ఎలా ఎక్కబోయిందో, ఎలా దిగిపోయిందో ఇప్పటికి ఎవరడిగినా కొంత దాచి చెప్పాను. ఇక దాచే ఓపిక లేదు.

ప్లేగు భయానికి ఖాళీ అయిన సూరత్ మళ్ళీ నిండిన రోజులవి. ఆ ఊరి శివారు ఉధ్నాలో రైలు పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డులో నేను పనిచేసేవాణ్ని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల పాళీ చేసేవాడు. నన్ను మాత్రం మగ్గం ఛాయలకు రానివ్వకుండా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివించాడు. చదువు అబ్బిందో లేదో గాని పొగరు బాగా అబ్బింది. మా వాడలో మగ్గం నడిపేవాళ్ళందరికంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు నడిచేవాణ్ని. అయినా అందరూ నన్ను 'మిస్త్రీ' అనే పిలిచేవాళ్ళు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. నేను ఇంజనీరునని ఎవరైనా ఒక్కసారి, అచ్చులో, ముద్ర వేసి ఒప్పుకుంటే చాలనుకునేవాణ్ని.

మా సేఠ్ గుజరాతీ. అద్దకం మిల్లుల బాయిలర్ల మీది మీటర్లు బాగుచేయడం ఆయన పని. తుక్కు కనబడితే మాత్రం ఆగలేడు. ఓడలు విరగ్గొట్టే రేవు నుంచి వచ్చిన లారీ తుక్కులో ఆయనకొక పరదేశపు మిషన్ దొరికింది. అది ఎర్రటి లేజర్ కాంతిని బయటికి కొడుతుంది. ఆ కాంతి దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టే సమయాన్నిబట్టి ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. లోపల ఎనిమిది ముఖాల అద్దం ఒకటి గిరగిరా తిరుగుతూ ఆ కాంతిని ఎదుట ఉన్నదాని మీద పైనుంచి కిందికి చీపురుతో ఊడ్చినట్టు తిప్పుతుంది. ఇంకేం, ఎదుట ఉన్నదాని ఆకారం తెర మీద గీతలుగా వచ్చేస్తుంది.

"దీనితో బొగ్గు కుప్పలు కొలుద్దాం" అన్నాడు సేఠ్. మిల్లుల్లో అప్పటిదాకా బొగ్గు కుప్పను కంటితోనే అంచనా కట్టేవాళ్ళు. కాంట్రాక్టరు కంటికి అది కొండ, మేనేజరు కంటికి చీమల పుట్ట. ఇద్దరూ రోజూ కొట్లాడుకునేవాళ్ళు. మిషన్ చెబితే నోళ్ళు మూతపడతాయని సేఠ్ ఆలోచన. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఒక్కటే, లారీలో నుంచి దించేటప్పుడు అద్దం పగిలిపోయింది.

సూరత్‌లో పగిలిన అద్దానికి దిగులు పడేవాడు సూరత్ వాడు కాదు. సేఠ్ ఆ ముక్కలు మూటగట్టుకుని వరాఛా వైపు వజ్రాలు సానబట్టే ఒక కారీగర్ దగ్గరికి పోయాడు. ఆ కారీగర్ ముక్కలు చూసి నవ్వాడట. "నేను మినప గింజంత రాయికి యాభై ఎనిమిది ముఖాలు తీస్తాను. ఇంత దానికి ఎనిమిదేనా?" అన్నాడట. వారంలో కొత్త అద్దం వచ్చింది. ఎంత అందంగా ఉందంటే, సేఠ్ ఇంటికి తీసుకుపోయి భార్యకు చూపించి మరీ తెచ్చాడు.

అందం వేరు, కొలత వేరు. వజ్రం మెరిస్తే చాలు, ఏ ముఖం ఎంత వాలిందని ఎవడూ అడగడు. మిషన్ అడుగుతుంది. బిగించి మా షెడ్డు గోడ వైపు తిప్పితే, నున్నటి గోడ తెర మీద మెట్లబావిలాగా కనబడింది. ఎనిమిది ముఖాల్లో ఏ రెండూ ఒక్కలాగా లేవు. ఒకటి వెంట్రుకవాసి ముందుకుంటే ఒకటి వెనక్కి, ఒకటి కిందికి వాలితే ఒకటి పైకి.

నేను జబ్బలు చరుచుకున్నాను. అద్దాన్ని ఆపి, ఒక్కో ముఖాన్ని చేత్తో తిప్పి, ఒక్కోదానితో గోడను కొలిచి, ఏ ముఖం ఎంత తప్పు చెబుతోందో పదిహేను రోజులు కూర్చుని లెక్క కట్టాను. ఎనిమిది ముఖాలకు ఎనిమిది సవరణలు. మా మిషన్‌లోని చిన్న కంప్యూటర్ చిప్పులో వాటిని ఎక్కించాను. ఆ పదిహేను రోజులు నేను తిన్నది అన్నమో గడ్డో తెలియదు. తీరా అద్దం తిప్పితే గోడ ఇంకా ఘోరంగా వచ్చింది. ఎందుకంటే అద్దం తిరుగుతున్నప్పుడు ఇప్పుడు వచ్చింది ఏ ముఖమో మిషన్‌కు తెలియదు. మూడో దాని మందు ఆరో దానికి పోస్తోంది. పాత అద్దంలో అన్ని ముఖాలూ సమానంగా ఉండేవి కాబట్టి ఆ పరదేశపు వాళ్ళకు ఈ బాధే లేదు.

ఇంతలో దసరా వచ్చింది.

సూరత్‌లో దసరా అంటే పొద్దున్నే శనగపిండి ఫాఫ్డా, జిలేబీల కోసం క్యూ. మా వాళ్ళకు పనిముట్ల పూజ కూడా ముఖ్యం. మగ్గానికి, కండెకు, కత్తెరకు, ఆఖరికి నూనె డబ్బాకు కూడా పసుపు కుంకుమ పెడతారు. సేఠ్‌కు ఈ సంగతి తెలిసి, "మీ అమ్మను పిలువు. మీ వాళ్ళ పూజ గట్టిది. ఈ మిషన్‌కు మనిద్దరి తెలివీ సరిపోవడం లేదు" అన్నాడు. నాకు నామోషీ అనిపించింది. లేజర్ మిషన్‌కు కుంకుమ బొట్టా! కాని సేఠ్ మాట.

మా అమ్మను మేము అవ్వ అని పిలుస్తాం. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అగరబత్తీలు పెట్టుకుని వచ్చింది. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మూత తెరిచి ఉంది. కుంకుమను నూనెలో చిక్కగా కలిపి, నేను 'అరె అరె' అనేలోపల అద్దం ముఖం మీద, అంచుకు దగ్గరగా, ఒక్క బొట్టు గట్టిగా అద్దింది.

"అమ్మా, దీనికి ఎనిమిది ముఖాలున్నాయి" అన్నాడు సేఠ్ హిందీలో. "మిగతా ఏడింటికి?"

నేను తెలుగులో చెప్పాను. అవ్వ నా వైపు వెర్రివాణ్ని చూసినట్టు చూసింది.

"మనిషికి ఎన్ని బొట్లు పెడ్తర్రా? ఒక్కటే. మిషన్‌కు గూడ గంతే."

సేఠ్ ఆ మాటకు పొంగిపోయాడు. కొబ్బరికాయ కొట్టారు, పక్క షెడ్ల వాళ్ళు వచ్చి జిలేబీలు తిన్నారు. నేను మాత్రం మూల నిలబడి పళ్ళు నూరుకున్నాను. అద్దాన్ని ముట్టుకోవాలంటే నేను చేతికి తొడుగు వేసుకునేవాణ్ని. అలాంటిదాని మీద నూనె, కుంకుమ!

మర్నాడు పొద్దున్నే దూది, స్పిరిట్ పట్టుకుని బయలుదేరాను. సేఠ్ గుమ్మంలోనే అడ్డుపడ్డాడు. పూజలో పెట్టిన బొట్టు తుడిస్తే అపశకునం, దానంతట అదే పోవాలి అన్నాడు. బొట్టుతో మిషన్ ఎంత పాడైందో చూపిస్తేగాని ఈయన వినడని పంతం పట్టి అద్దం తిప్పాను. తెర మీద మళ్ళీ అవే మెట్లు. కాని ఎనిమిది గీతల్లో ఒక గీత మొదట్లో చిన్న ఖాళీ. తర్వాతి ఎనిమిదిలోనూ అదే చోట. ఆ తర్వాతా అంతే. బొట్టు తగిలినప్పుడల్లా కాంతి తిరిగి రావడం లేదు.

"చూశారా, గోడకు చిల్లు పడింది" అని అరవబోయి నోరు మూసుకున్నాను. ఆ ఖాళీ వచ్చిన ముఖం ఒకటో నంబరు. దాని తర్వాతది రెండు. మిషన్‌కు ఇక లెక్క తెలుస్తుంది!

రెండు రోజుల్లో మా గోడ తెర మీద గోడలాగే కనబడింది. మూడో రోజు ఒక మిల్లుకు మోసుకుపోయి బొగ్గు కుప్ప కొలిచాం. కుప్పను లారీలకెత్తి కాంటా వేస్తే మిషన్ చెప్పినదానికి దాదాపు సరిపోయింది. మేనేజరు, కాంట్రాక్టరు ఇద్దరూ ఒకేసారి మొహాలు ముడుచుకున్నారు. మిషన్ నిజం చెబుతోందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సేఠ్ ఉత్సాహం ఆపుకోలేక బొంబాయి నుంచి పేటెంటు వకీలును పిలిపించాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎవరినీ నమ్మనట్టు ఉండేవాడు. నేను నా ఎనిమిది సవరణల నోటుబుక్కు ఆయన ముందు పెట్టి, పెళ్ళికొడుకులా కూర్చున్నాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేశాడు.

"ఇది కుదరదు. మన చట్టంలో మిషన్‌ను పరీక్షించే పద్ధతి, ఉన్న మిషన్‌ను సరిచేసే పద్ధతి కొత్త ఆవిష్కరణ కిందికి రావు. లెక్కలకు పేటెంటు లేదు. వస్తువు కావాలి. చేత్తో పట్టుకుని చూపించగలిగేది ఏముంది?"

పదిహేను రోజుల నా బతుకు ఏ వస్తువూ కాదట. సేఠ్ మెల్లగా అద్దం తెచ్చి చూపించాడు. వకీలు దాన్ని అటూ ఇటూ తిప్పి, బొట్టు దగ్గర ఆగాడు. మొహం వెలిగింది.

"ఇదీ! ఒక ముఖం మీద గుర్తు ఉన్న అద్దం. ఇది వస్తువు. దీనికి అడుగుదాం. ఈ గుర్తు పెట్టింది ఎవరు?"

సేఠ్ పైన తిరిగే ఫ్యాను వైపు చూడసాగాడు. వకీలు రాకముందే ఆయన నాకు చెప్పి ఉంచాడు, పూజ మాట ఎత్తకు, సర్కారు దేవుడికి పేటెంటు ఇవ్వదు అని. కాని నేను చెప్పిన జవాబు దేవుడి భయంతో చెప్పింది కాదు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశతో చెప్పింది.

"నేనే" అన్నాను.

"ఎందుకు పెట్టావు?"

"ఒకటో ముఖాన్ని గుర్తుపట్టడానికి."

అబద్ధం ఎంత చక్కగా కుదిరిందంటే నాకే ముచ్చటేసింది. వకీలు ఫారం నింపాడు. దరఖాస్తు సేఠ్‌ది. కనిపెట్టినవాడి చోట మాత్రం నా పేరు, ఇంటిపేరుతో సహా. 'నిజమైన, మొట్టమొదటి ఆవిష్కర్తను నేనే' అని ఉన్న చోట సంతకం చేశాను. దరఖాస్తు పేటెంటు ఆఫీసులో పడేదాకా ఈ సంగతి బయటివాళ్ళెవరికీ తెలియకూడదని, తెలిస్తే కొత్తది కాకుండా పోతుందని వకీలు రెండుసార్లు హెచ్చరించాడు. మర్నాడే వేసేద్దామన్నాడు. సేఠ్ ఒప్పుకోలేదు. దీపావళి ముందు కొత్త పని మొదలుపెట్టేవాడు మూర్ఖుడట. గుజరాతీలు పండుగకు మూసిన దుకాణాలు తెరిచేది పంచమి నాడు, లాభ్ పాంచమ్ అంటారు. ఆ ముహూర్తానికే వేయాలని పట్టుబట్టాడు. వకీలు నెత్తి కొట్టుకుని బొంబాయి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫారం నకలు ఇంటికి తీసుకుపోయాను. అవ్వ గుమ్మంలో కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరిస్తోంది. చీరకు ఇన్ని పైసలని ఇచ్చే ఆ పని మా వాడలో ఆడవాళ్ళందరూ చేసేవాళ్ళు. అవ్వకు చదువు రాదు. ఏం కాగితం రా అని అడిగితే తెలుగులోకి మార్చి, బొట్టుతో ముఖాల లెక్క ఎలా తెలుస్తుందో విప్పి చెబుతూ గొప్పగా చదివాను. అద్దం మీద గుర్తు పెట్టిన నిజమైన, మొదటి మనిషిని నేనే అన్న ముక్క కూడా చదివాను. చదివేటప్పుడు గొంతు తడబడలేదు. అదే నాకిప్పటికీ సిగ్గు.

అవ్వ కత్తెర ఆపి కాసేపు ఏదో ఆలోచించింది. "మంచిది కొడుకా" అంది. మళ్ళీ దారాలు కత్తిరించసాగింది.

ఎవరికీ చెప్పొద్దని షెడ్డులో స్వీపరు దాకా అందరినీ బెదిరించాను. అవ్వకు చెప్పలేదు. ఆమెకు అర్థమైందేముందని?

దీపావళికి మగ్గాలు ఆగాయి. సంవత్సరమంతా చెవులు బద్దలు చేసే వాడ ఒక్కసారి నిశ్శబ్దమైంది. జనం గుమ్మాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోసాగారు. నేను మాత్రం గదిలో కూర్చుని నా పేరు అచ్చులో ఏ సైజులో వస్తుందా అని ఊహించుకుంటూ గడిపాను.

లాభ్ పాంచమ్ నాడు పొద్దున వకీలు రైలు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. సేఠ్ పూజలో ఉన్నాడు. వకీలు గేటు పక్కన టీ బండి దగ్గర నిలబడి టీ అడిగాడు. బండివాడు ఉత్తరప్రదేశ్ మనిషి, మాటకారి. ఏం పని మీద వచ్చారని అడిగాడు. ఊరికే, అన్నాడు వకీలు.

"ఆ అద్దం కోసమా సాబ్?" అన్నాడు బండివాడు. అని ఊరుకుంటే బాగుండేది. గ్లాసులు పెట్టే తీగ స్టాండు ఎత్తి పట్టుకున్నాడు. దానిలో ఎనిమిది గ్లాసులున్నాయి. ఒక గ్లాసుకు బొగ్గు మసి పూసి, స్టాండు తిప్పుతూ చెప్పాడు. "చూడండి, తిరుగుతుంటే ఏ గ్లాసు ఏదో తెలియదు. ఇప్పుడు నల్లది వచ్చింది, ఇది ఒకటి. తర్వాతది రెండు. ప్రతి గ్లాసుకూ దాని తప్పు దానికి వేరే. ఒకటి తెలిస్తే ఎనిమిదీ తెలిసినట్టే. ఇక్కడి మిస్త్రీ కనిపెట్టాడు."

నేను అప్పుడే గేటు దగ్గరికి వచ్చాను.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు వకీలు.

"ఈయన అమ్మ. నాకేంటి సాబ్, ఉధ్నా అంతా తెలుసు."

వకీలు టీ పూర్తిగా తాగాడు. తొందరపడలేదు. లోపలికి వచ్చి సంచిలో నుంచి కాగితాలు తీసి సేఠ్ ముందు పెట్టి, "నేను పన్నెండు పేజీల్లో రాసినదాన్ని మీ చాయ్‌వాలా ఎనిమిది గ్లాసులతో నాకంటే బాగా చెప్పాడు. ఇది ఇప్పుడు లోకానికి తెలిసిన సంగతి. అందులో కొత్తదని నేను రాయలేను" అన్నాడు. సేఠ్ గట్టిగా నిట్టూర్చి, వకీలు నుదుట కూడా బొట్టు పెట్టి, పెండా మిఠాయి చేతిలో పెట్టాడు. మిషన్ నడుస్తోంది, రెండు మిల్లులు అడుగుతున్నాయి, ఆయనకు ఏం లోటు? పోయింది నా పేరు.

నేను ఇంటికి పోయిన తీరు వర్ణించను. దారిలో ఒక ఆటో వాణ్ని, ఒక ఆవును తిట్టాను. అవ్వ గుమ్మంలోనే ఉంది, చుట్టూ చీరలు.

"ఊరంత చాటింపేసినవా అవ్వా?" అని అరిచాను. "గా అద్దం ముచ్చట ఎవ్వలికి చెప్పినవ్?"

"అందరికి చెప్పిన" అంది నిమ్మళంగా. "నా కొడుకు కనిపెట్టిండని చెప్పిన. గా చాయ్ బండాయనకు హిందీల చెప్పరాక, గిలాసలు పెట్టి చూపెట్టిన. ఏమైందిరా? తప్పు చెప్పిన్నా?"

"నిన్నెవలు చెప్పుమన్నరు?"

"ఎవలు జెప్పుమనుడేంది? మొదట్ల నేనే బొట్టు పెట్టిన, నా కొడుకు మిషన్ నడిచింది అని చెప్పుకుంట తిరిగిన. నువ్వు కాయిదం సదివినంక గా మాట బంద్ చేసిన. కాయిదంల నువ్వే పెట్టినవని ఉండె గద. సర్కార్ కాయిదం అబద్ధమాడుతదా? నువ్వు ముందుగాల్నే పెట్టినవేమో, నేను దాని మీదనే పెట్టిన్నేమో అనుకున్న. నాకు యాది లేదేమో అనుకున్న."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. తన చేత్తో తను పెట్టిన బొట్టును, నా మాట నమ్మి, తను పెట్టలేదనుకుంది. నేను ఆమె బొట్టును దొంగిలించాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. జ్ఞాపకాన్ని కూడా దొంగిలించానని అప్పుడు తెలిసింది. చీరల మధ్య చతికిలబడ్డాను. సిగ్గుతో ఏడుపు వచ్చింది.

"నువ్వే పెట్టినవ్ అవ్వా. దానికి ముందు ఏం లేకుండె. నేనే కాయిదంల అబద్ధం రాపిచ్చిన."

అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె వేరే దిగులులో పడింది.

"అయితే నేను ఇరవై ఇండ్లల్ల అబద్ధం చెప్పిన్నా?" అంది. "పండుగ పూట? గా చాయ్ బండాయనకు గూడ?" కత్తెర కింద పెట్టి లేచింది. "లే. చెప్పులేసుకో."

"ఏడికి?"

"ఏడికేంది? అందరింటికి. నువ్వే చెప్పాలె."

అలా మొదలైంది ఊరేగింపు. అవ్వ ముందు, నేను వెనక. ప్రతి గుమ్మం దగ్గర అవ్వ నన్ను ముందుకు తోసేది. నేను నేల చూస్తూ, "అద్దం మీద బొట్టు పెట్టింది మా అవ్వ, నేను కాదు" అనేవాణ్ని. కొందరు నవ్వారు. కొందరు ఇందులో చెప్పేదేముందని విస్తుపోయారు. ఒకావిడ, బొట్టు మగవాళ్ళు పెడతారా, మాకు ముందే తెలుసు అంది. టీ బండివాడు మాత్రం శ్రద్ధగా విని, ఆ మసి గ్లాసు కడిగేసి మాకిద్దరికీ టీ ఇచ్చాడు.

నాలుగో ఇంట్లో ఒక ముసలి సాలాయన ఉండేవాడు. మా నాన్నకు మగ్గం పని నేర్పినాయన. మంచం మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు. విని, అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"మరి బొట్టు మీ అవ్వ పెడితే, నువ్వేం జేసినవ్‌రా?"

నేను చేసింది ఏ వస్తువూ కాదని బొంబాయి వకీలే తేల్చేశాడు. ఇక ఈయనకేం చెప్పాలి? తల వంచుకుని నిలబడ్డాను. నా పక్కనుంచి అవ్వ అందుకుంది.

"గట్లంటవేందన్నా? ఎనిమిది మొకాలకు ఎనిమిది లెక్కలు కట్టిండు. పదిహేను దినాలు తిండి సక్కగ తినలే. బొట్టు ఎవలన్న పెడ్తరు. గా లెక్కలు నాతోని అయితయా?"

ముసలాయన తలూపాడు. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అవ్వ ఆగలేదు, ఇంకా పదహారు ఇళ్ళున్నాయి. ప్రతి ఇంట్లోనూ బొట్టు మాట నా చేతనే చెప్పించింది. లెక్కల మాట మాత్రం తనే చెప్పింది.